జీవశాస్త్రము చెప్పువారు కావలెను

కుమ్మరి యింట కుండ కొనునపుడు దానిని వ్రేలితో కొట్టి, చప్పుడు విని గాని మనము పైకము చేతి కీయము. బండిమీద బెండకాయలు కొనునపుడు తుద విఱిచి చూతుము. పిల్లకు సంబంధము వచ్చినచో ఇంటిపేరు మొదలుకొని మేనమామల వఱకు విచారింతుము. ఇంత విచారణ గల మనము, మన పిల్లలకు మూడు సంవత్సరములు విద్య గఱపబోవు అధ్యాపకుని ఎవరు ఎన్నుకొనుచున్నారో, ఏమి చూచి ఎన్నుకొనుచున్నారో ఒక్కనాడైనను అడుగము. మేమును ఇటీవలి వఱకు అడిగినవారము కాము. మా యింటిలోని వారే అట్టి పరీక్షకు నిలువవలసి వచ్చుటచే మాకు కనువిప్పు కలిగినది. ఆ సంగతులనే ఇచట విన్నవించుకొనుచున్నాము.

మా రాయదుర్గము అనంతపురము జిల్లాలోని రాయదుర్గము కాదు. హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున, మెట్రో రైలు నీలిరేఖ తుదను ఉన్నది. 1998లో సైబర్ టవర్సు అను భవనము వెలసిన నాటినుండి ఈ చుట్టుపట్ల గుట్టలు తఱిగి అద్దాల మేడలు పెరిగినవి. 2019 నవంబరు 29వ తేదీన రైలును మా యూరికి వచ్చినది. ఇచట ఏ తల్లిని అడిగినను తన బిడ్డ కంప్యూటరు చదువవలెననియే చెప్పును. ఐనను, ఆ మేడలకు కావలి కాయువారి పిల్లలు, ఆ యిండ్లలో పాచిపని చేయువారి పిల్లలు, ఆటో నడుపువారి పిల్లలు చదువుటకు బస్సు పోవునంత దూరములో చిన్న ప్రభుత్వ కళాశాలలు లేకపోలేదు. వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము, రసాయనశాస్త్రము అను మూడును కలిసిన బి.ఎస్సి. తరగతి అందు చాలమంది బాలికల కాశ్రయము. ఆ చదువుతో ఒకతె ఆసుపత్రి ప్రయోగశాలలో పనికి కుదురును, ఒకతె బి.ఎడ్. చదివి పంతులమ్మ యగును, ఒకతె ఎం.ఎస్సి.కి పోవును. కాబట్టి జీవశాస్త్రము చెప్పువారు సమర్థులగుదురో కారో అనునది ఆ యిండ్లకు అన్నవస్త్రముల ప్రశ్నయే.

మఱియొక కారణమును గలదు. 2025 మార్చి, ఏప్రిలు మాసములలో కంచె గచ్చిబౌలి యడవిని గూర్చి ఎంత వాదము చెలరేగినదో మీరెఱుగుదురు. చెట్లు కొట్టుట ఆపవలసినదని ఏప్రిలు 3వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము ఆజ్ఞాపించెను. ఆ దినములలో మా పిల్లవాడు, "అమ్మా, అచట ఉన్న చెట్లేవి?" అని అడిగెను. వేప, తుమ్మ, సీతాఫలము అని మూడు పేరులు చెప్పి మేము ఊరకుంటిమి. కావ్యములలో వనవర్ణనలు చదివి, వృక్షముల పేరులు వల్లించిన మాకు, ఇంటికి కూతవేటు దూరములోని యడవి పరిచయము లేదు. అది చెప్పగలవారు కళాశాలలో ఉండవలెను గదా!

ఇక అధ్యాపకుల నెన్నుకొను విధము. విశ్వవిద్యాలయ నిధుల సంఘము, అనగా యు.జి.సి., 2018 జూలైలో ఇందుకు నియమములు ప్రకటించినది. సహాయాచార్య పదవి కోరువారు ఎం.ఎస్సి.లో నూటికి 55 మార్కులు పొంది యుండవలెను. షెడ్యూల్డు కులములు, తెగలు మున్నగు వారికి ఐదు మార్కుల సడలింపు గలదు. దానిపై నెట్ అను జాతీయ పరీక్షయో, రాష్ట్రపు సెట్ పరీక్షయో కృతార్థులై యుండవలెను. లేదా విధ్యుక్తమైన డాక్టరేటు ఉండవలెను. విశ్వవిద్యాలయములలో డాక్టరేటు లేనివారిని తీసికొనరాదని తొలుత తలపెట్టిరి గాని, 2023లో ఆ నిబంధనను సడలించి, నెట్ గాని సెట్ గాని ఉన్నను చాలుననిరి. ఇందొక చిత్రము గలదు. జాతీయ పరీక్షలో జీవశాస్త్రములన్నియు కలిపి ఒక్కటే విషయము. కళాశాలలో ఉద్యోగమో వృక్షశాస్త్రమునకు వేఱు, జంతుశాస్త్రమునకు వేఱు. జీవసాంకేతికము చదివినవారు పరీక్ష నెగ్గియు, తమ చదువు ఏ వాకిటికి చెందునో తెలియక రెండు వాకిళ్ల నడుమ నిలిచిపోవుట తఱుచు.

అర్హులు పలువురుండగా ఎవరిని పిలువవలెను? దానికొక మార్కుల పట్టిక గలదు. కళాశాలలకు సంబంధించిన పట్టికలో మొత్తము 100. బి.ఎస్సి.లో 80 శాతమునకు తగ్గనివారికి 21, ఎం.ఎస్సి.లో అట్టివారికి 25, డాక్టరేటునకు 25, పరిశోధన వేతనముతో కూడ నెట్ నెగ్గినవారికి 10, అచ్చయిన పరిశోధన వ్యాసములకు 6, బోధనానుభవమునకు ఏడాదికి 2 చొప్పున 10, బహుమానములకు 3. విశ్వవిద్యాలయముల పట్టిక వేఱు: అచట డాక్టరేటునకు 30, వ్యాసములకు 10. చిన్న కళాశాలలో పని వేఱు, పెద్ద పరిశోధనాలయములో పని వేఱు అని ఆ నియమములు వ్రాసినవారే యెఱుగుదురన్నమాట.

కాని, ఈ మార్కులన్నియు పిలుపు వఱకే. జాతకములు కలిసినవని పెండ్లిచూపులకు పిలిచినట్లు, పట్టిక చూచి అభ్యర్థులను పిలుతురు. తుది యెన్నిక ఇంటర్వ్యూ మీదనే ఆధారపడును. పాఠము చెప్పు నేర్పునకు ఆ నూఱు మార్కులలో ఒక్కటియు లేదు. దానిని ఇంటర్వ్యూలోనే కనిపెట్టవలెను. అభ్యర్థిచేత తరగతిలో వలె ఉపన్యాసము చెప్పించి బోధనాశక్తిని పరీక్షింపవచ్చును అని నియమములలో ఒక వాక్యము గలదు. "పరీక్షింపవచ్చును" అని యున్నది గాని "పరీక్షింపవలెను" అని లేదు. ఆ రెండు మాటల నడుమ ఎందఱు బాలికల చదువు పడి నలుగుచున్నదో మా యింట జరిగిన సంగతి వలన తెలియగలదు.

మా కడగొట్టు ఆడపడుచు వృక్షశాస్త్రములో డాక్టరేటు పొందినది. రాష్ట్ర ప్రభుత్వ కళాశాలలలో స్థిరోద్యోగములు పబ్లిక్ సర్వీసు కమీషను ద్వారా పూరింపబడవలెను; ఆ ప్రకటనల కొఱకు ఏండ్ల తరబడి కాచుకొనవలసి వచ్చుచున్నది. ఈలోపల తరగతులు నడువవలెను గనుక, వేసవి సెలవులు ముగియగానే అతిథి అధ్యాపకులు కావలెనని పత్రికలలో చిన్న ప్రకటనలు వెలువడును. 2024 జూలైలో అట్టి ప్రకటన చూచి ఆమె ఒక చిన్న కళాశాలకు దరఖాస్తు పంపినది.

ఇంటర్వ్యూకు ముందునాటి సాయంకాలము ఆమె దుర్గము చెఱువు గట్టునకు పోయి, ఒక గుఱ్ఱపుడెక్క మొక్కను వేళ్లతో కూడ తెచ్చి బిందెలో నుంచినది. పూర్వము గోలకొండ కోటకు మంచినీరిచ్చిన చెఱువది. "ఇదెందుకమ్మా?" అని అడిగితిమి. "పాఠము చెప్పుమని అడుగుదురేమో వదినా! పుస్తకములోని బొమ్మకన్న ఇది మేలు గదా" అన్నది. మఱునాడు ఆ మొక్కను ప్లాస్టిక్ సంచిలో పెట్టుకొని బస్సెక్కినది.

లోపల ముగ్గురు పెద్దలు కూర్చుండిరట. ఒకరు ఆమె వ్యాసము లెన్ని యచ్చయినవో లెక్కించిరి, రెండే యుండెను. ఇంకొకరు పెండ్లి యైనదా అని అడిగి, కాలేదనగా, అయినచో మానివేయుదురేమో అనిరి. ఆమె కంటె ముందు లోనికి పోయి వచ్చిన యువకుని ఎవరును అట్టి ప్రశ్న అడుగలేదట! ఇక పొమ్మనుటకు సిద్ధముగా నున్నప్పుడు, మూడవవారు, విశ్రాంతికి చేరువైన ఒక పెద్ద అధ్యాపకురాలు, ఆ సంచి చూచి, "అందులో ఏమున్నదమ్మా?" అని అడిగిరట. మొక్క బయటికి వచ్చినది. "ప్రక్క గదిలో పిల్లలున్నారు, పదినిమిషములు చెప్పుడు" అని ఆమె లేచిరి.

మా ఆడపడుచు ఒక గిన్నెలో నీరు తెప్పించి, ఉబ్బిన కాడను బ్లేడుతో నిలువున కోసి, ఒక తునకను నీట ముంచి అదిమినది. బుడగలు పైకి వచ్చినవి. కాడలోని గదులన్నియు గాలితో నిండియుండుటచే ఆ మొక్క తేలుచున్నదని పిల్లలే చెప్పిరి. అప్పుడు వెనుక వరుసనుండి ఒక బాలిక లేచి, మెల్లగా, "మేడమ్, అన్నింటికి ఇట్ల బుడ్డలుండయి. ఒత్తుగ ఉన్నకాడ సన్నగ, పొడుగ్గ ఉంటయి" అన్నదట. నీకెట్లు తెలియునని అడుగగా తలవంచుకొని, తన తల్లి చెఱువులలో ఆ మొక్కలు తీయు కూలికి పోవుననియు, సెలవులలో తానును పోయినదనియు చెప్పినది. ఆ బాలిక చెప్పినది అక్షరాల నిజము. ఎడముగా తేలు మొక్కకు కాడలు ఉబ్బియుండును. క్రిక్కిఱిసినచోట అవి సన్నబడి వెలుతురుకై నిడుపుగా పెరుగును. "ఇది పెద్ద పుస్తకములలో ఉన్న సంగతి. నీవు పుస్తకము లేకుండగనే చూచితివి. జీవశాస్త్రమనగా ఇదియే" అని మా ఆడపడుచు ఆ పిల్లను ముందు బల్లమీదికి పిలిచి కూర్చుండబెట్టినదట. పది నిమిషములు అరగంట యైనది. ఉద్యోగము ఆమెకే వచ్చినది.

ఈ వృత్తాంతము వినినప్పుడు మాకు కాళిదాసు మాళవికాగ్నిమిత్రము తలపునకు వచ్చినది. గణదాసుడు, హరదత్తుడు అను నాట్యాచార్యు లిద్దఱు ఎవరు గొప్పయని వాదులాడగా, తీర్పు చెప్పుటకు నియమింపబడినది పరివ్రాజిక కౌశికి, ఒక స్త్రీ. కొందఱికి విద్య తమయందే నిలిచియుండును. కొందఱికి దానిని ఇతరులలో నాటు నేర్పుండును. రెండును గలవాడే ఆచార్యులలో ముందు నిలువదగినవాడు అని ఆమె యభిప్రాయము. అందుచే ఆచార్యులను గాక వారి శిష్యురాండ్రను ఆడించి చూడవలెనని నిర్ణయించినది. భారతములోను ద్రోణుడు కొలువునకు వచ్చినది ప్రశంసాపత్రములతో కాదు. బావిలో పడిన బంతిని పైకి తీయగా చూచిన పిల్లలు పోయి భీష్మునితో చెప్పిరి; భీష్ముడు వారి మాట విని పిలిపించెను. గురువును శిష్యుల కన్నులతో చూడవలెనను సంగతి మనకు క్రొత్తది కాదు, మఱచితిమి, అంతే.

పాశ్చాత్యులు దానిని మఱవలేదు. అమెరికాలో ప్రభుత్వ ధనముతో నడుచు చిన్న కళాశాలలు కొన్ని, సకల శాస్త్రములను సాహిత్యముతో కలిపి, చిన్న చిన్న తరగతులలో బోధించునవి గలవు. 1987లో అవి తమకొక సంఘమును గూడ ఏర్పఱచుకొన్నవి. అట్టిచోట జీవశాస్త్రాచార్యుడు కావలసినచో, వచ్చిన దరఖాస్తులనుండి కొందఱిని ఏఱి, ఒక్కొక్కరిని ఒకటి రెండు దినములు కళాశాలకు పిలుతురు. అభ్యర్థి నిజమైన తరగతిలో పాఠము చెప్పవలెను, బి.ఎస్సి. స్థాయి పిల్లలతో ఎట్టి పరిశోధన చేయింపగలడో వివరింపవలెను. విద్యార్థులతో కలిసి భోజనము చేయవలెను. పిదప విద్యార్థుల యభిప్రాయమును అడిగి తీసికొందురు. ఎన్నికైనవారికి ప్రయోగశాల యమర్చుకొనుటకు తొలిసొమ్ము నిత్తురు. అంత ధనము మనకు లేదనవచ్చును. కాని ప్రక్క గది తలుపు తెఱచి, పిల్లల నడుమ పాఠము చెప్పించుటకు ధనమెందుకు? ఒక గిన్నెడు నీరు చాలినది గదా!

ఐతే, మంచివారిని ఎన్నుకొనుట సగము పని మాత్రమే. నిలుపుకొనుట మిగిలిన సగము. స్థిరముగా నియమింపబడిన సహాయాచార్యునకు ఏడవ వేతన సవరణ ప్రకారము మూలవేతనము 57,700 రూపాయలతో ప్రారంభమగును. వారమునకు 16 గంటల బోధన. స్త్రీలకు 180 దినముల ప్రసూతి సెలవు, పిల్లల పోషణకు సెలవు గలవు. అతిథి అధ్యాపకులకో, చెప్పిన గంటకే కూలి. గంటకు 1,500 రూపాయల చొప్పున నెలకు 50,000 మించకుండ ఇయ్యవచ్చునని యు.జి.సి. 2019లో సూచించినది గాని, మా ఆడపడుచునకు కుదిరినది అందులో సగమైనను కాదు. అదియు జూలై మొదలు డిసెంబరు వఱకు ఒక్క రూపాయి చేతికి రాలేదు. అతిథిని దేవునితో సమానముగా చూడవలెనని చిన్ననాటినుండి వినుచున్నాము. ఏ యింటనైనను అతిథిని ఆఱు మాసములు పస్తుంచి పని చేయించుకొందురా? ద్రోణుడు బిడ్డకు పాలు లేక పాడియావు కొఱకు ద్రుపదుని వాకిట నిలిచిన కథ ఈ కాలమున ప్రతి అతిథి అధ్యాపకుని యింటను జరుగుచున్నది.

బస్సు ఖర్చులకు మా వారు ఇచ్చుచుండిరి. "అన్నయ్యా, ఇంక నాకు సిగ్గుగా నున్నది" అని ఒకనాడామె కన్నీరు పెట్టుకొన్నది. 2025 ఫిబ్రవరిలో శామీర్‌పేట దిక్కునున్న జీనోమ్ వ్యాలీలో ఒక మందుల కంపెనీలో చేరినది. అచట జీతము నెల తప్పదు. ఆమెను తప్పుపట్టుటకు మాకు నోరు రాలేదు.

ఇట్లు పోగొట్టుకొనుట మన దేశమునకే పరిమితము కాదు. భీమవరములో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డు విశ్వవిద్యాలయములో ఏండ్ల తరబడి పని చేసి, కండరములకు శక్తి నిచ్చు పదార్థములను కనుగొన్న కృషిలో భాగస్వాములై యుండియు, అచట స్థిరమైన ఆచార్యపదవి పొందలేకపోయిరి. 1940లో లెడర్లీ అను మందుల కంపెనీకి పోయిరి. ఫోలికామ్లపు తయారీ, బోదకాలునకు మందు, ఆరియోమైసిన్ ఆ సంస్థలో ఆయన నాయకత్వమున వెలువడినవే. లోకమునకు నష్టము కలుగలేదు సరే. ఆయనవద్ద పాఠము వినవలసిన విద్యార్థుల మాట ఎవరు తలచెదరు?

ఆ చిన్న కళాశాల బాలికల మాట మాత్రము మేము కన్నులార చూచితిమి. నడిమధ్య అధ్యాపకురాలు పోవుటచే ప్రయోగశాల మూతపడినది, పరీక్షలు దగ్గఱపడినవి. నలుగురు పిల్లలు మా యిల్లు కనుగొని ఆదివారములు రాసాగిరి. ఇంటి వరండాలో చాప పఱచి, మా వారి పాఠశాలనుండి ఎరవు తెచ్చిన సూక్ష్మదర్శినితో మా ఆడపడుచు వారికి పాఠములు చెప్పినది. ఉల్లిపొర క్రింద కణములు చూచిన మొదటి దినమున వారితోపాటు మేమును కన్ను పెట్టి చూచితిమి. ప్రతి దినము మనము కోయు ఉల్లిగడ్డలో ఇటుకలు పేర్చిన గోడవంటి కట్టడ మున్నదని ముప్పదియేండ్లు దాటిన పిమ్మట మాకు తెలిసినది.

సోదరీమణులారా! ఈ విషయములో మనము చేయగలిగినది ఏమియు లేదని తలపవలదు. కళాశాలలో తలిదండ్రుల సభ జరిగినప్పుడు పోయి, అధ్యాపకులను పిల్లల యెదుట పాఠము చెప్పించి ఎన్నుకొనిరా అని అడుగవచ్చును. స్త్రీ అభ్యర్థి యున్నప్పుడు, ఎన్నిక సంఘములో ఒక స్త్రీ యైనను లేనిచో అట్టివారిని చేర్చవలెనని యు.జి.సి. నియమములలో నున్నది, దానిని పాటించిరా అని అడుగవచ్చును. పెండ్లి ప్రశ్న స్త్రీలనే ఎందుకు అడుగుదురని నిలదీయవచ్చును. మన యెడవలెత్ కక్కట్ జానకి అమ్మాళ్ 1932లోనే తిరువనంతపుర కళాశాలలో వృక్షశాస్త్రాచార్యురాలై యుండెను గదా! మఱియు, ఖాళీలను స్థిరోద్యోగులతో నింపవలెననియు, అంతవఱకు అతిథులకైనను నెలనెల కూలి ఇయ్యవలెననియు మన ప్రతినిధులకు వ్రాయవచ్చును.

మొన్న వేసవిలో, ఆ చెఱువు పని చేయు తల్లి, కూతురితో మా యింటికి వచ్చినది. కొంగున కట్టి తెచ్చిన తాటిముంజలు మా ముందు పెట్టి, చాలసేపు మాటాడక కూర్చుండి, లేచునప్పుడు, "వచ్చే యేడు మా పిల్లలకు ఎవరొస్తరమ్మా?" అని అడిగినది.

ఆమెకు మేము ప్రత్యుత్తర మీయలేకపోతిమి. ఆ ప్రశ్న మన యందఱిదియు గనుక ఇచట వ్రాసితిమి.